పొడి డబ్బాల బాకీ ఎవరిది?

కళ్యాణదుర్గం దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఎనిమిది పేజీలుంది, కుదించి ఇస్తున్నాను.

రాసినామెకు 36 ఏళ్లు. బీకాం చదివారు. బెంగళూరులో ఒక గార్మెంట్స్ కంపెనీలో లెక్కలు చూసేవారు, భర్త కారు నడిపేవారు. కరోనాతో ఇద్దరి సంపాదనా దెబ్బతిని 2021లో అత్తగారి ఊరికి వచ్చేశారు. మామగారు అప్పటికే లేరు. ఐదెకరాల చేను, అందులో రెండెకరాలకు బోరు నీళ్లు. చెనిక్కాయ (వేరుశనగ), మధ్యలో కంది సాళ్లు, ఇంటికి సరిపడా రాగులు, పెరట్లో కూరగాయలు. రెండు జెర్సీ ఆవులు, ఒక ఎనుము (గేదె), కొన్ని నాటుకోళ్లు, గట్టు మీద చింతచెట్టు. కొడుకు తొమ్మిదో తరగతి, కూతురు ఆరో తరగతి. అత్తగారికి 68.

భర్తకు ఒక పట్టుదల. నోట్లోకి పోయేది ఏదైనా ఇంట్లో పండాలి, లేదా ఇంట్లో తయారవ్వాలి. "బయటి తిండంతా విషమే" అంటారట. నూనె సొంత చెనిక్కాయలు గానుగాడించిందే, కారం ఎండబెట్టి కొట్టించిందే, పిల్లలకు బిస్కెట్ల బదులు నిప్పట్లు (చెక్కలు), చెనిక్కాయ ఉండలు. ఊరుబిండి పచ్చడి రోట్లో నూరకపోతే ఆయనకు సంగటి దిగదు. మిక్సీ అటక మీదికి పోయింది. ఈమె నాలుగున్నరకు లేస్తారు. పేడ ఎత్తడం, పాలు పిండడం, ఆరింటికి పాల కేంద్రానికి పాలు పంపడం, పిల్లల క్యారియర్లు, సంగటి, మధ్యాహ్నం చేలో పని, మళ్లీ పాలు, రాత్రికి జొన్నరొట్టెలు. మధ్యలో ఖాళీ దొరికితే చింతపండు గింజ తీయడం, వడియాలు, ఊరగాయలు, పొడులు. పాప సాయం చేస్తుందట, తెల్లారుజామున ఐదింటికే లేస్తుందట.

సంక్రాంతికి బెంగళూరు నుంచి భర్త అక్క కుటుంబం వచ్చింది. అరిసెలు, కజ్జికాయలు, నిప్పట్లు చేస్తూ ఈమె అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గరే ఉన్నారు. కనుమ నాటికి జ్వరం. పోయేటప్పుడు వదినగారి కారులో పది కిలోల నూనె క్యాను, మూడు కిలోల నెయ్యి, నాలుగు డబ్బాల చెనిక్కాయ పొడి, చింతపండు, కందిబేడలు ఎక్కాయి. రెండు రోజుల తర్వాత ఫోన్లో వదినగారు అన్నమాట: "ఈసారి నిప్పట్లు కొంచెం గట్టిగా వచ్చినాయి."

ఆ తర్వాత వారం వదినగారి అపార్ట్‌మెంటులో ఉండే ఒకామె నంబరు సంపాదించి నేరుగా ఈమెకే ఫోన్ చేసింది. పొడి చాలా బాగుంది, రెండు కిలోలు పంపండి, డబ్బులు వేస్తాను అని. ఈమెకు ఎంత సంతోషమైందో ఒక పేజీ నిండా రాశారు. అత్తగారికి చెప్తే ఇల్లు లేచిపోయింది. "కూడు అమ్ముకునే గతి పట్టిందేమే మనకు? భూమిలో భాగం అడగలేదు నా బిడ్డ. నాలుగు డబ్బాల పొడి ఇస్తే నీ సొమ్మేం పాయె?" భర్త "ఆడోళ్ల మాటల్లోకి నన్ను లాగొద్దు" అని చేనికి పోయారు. పాల డబ్బులు భర్త ఖాతాలో పడతాయి. ఈమె పేరు మీద బెంగళూరులో తెరిచిన ఖాతా ఉంది, దానిలో ఏమీ లేదు.

"బెంగళూరు పోదామని నాకూ లేదు. ఈ ఇల్లు, ఈ తిండి నాకూ ఇష్టమే. కానీ కూర్చుని తిన్న పూట గుర్తు రావడం లేదు. ఇంట్లో చేసింది అమ్మితే తప్పా? సంబంధాలు చెడకుండా ఎలా చెప్పాలి?" అని అడిగారు.

అమ్మా,

అమ్మడం తప్పు కాదు. మీ ఇంట్లో రోజూ రెండు పూటలా పాలు అమ్ముతూనే ఉన్నారు. అవీ మీ చేతులతో పిండినవే. క్యాను కేంద్రానికి పోతుంటే లేని నామోషీ పొడి పొట్లం గడప దాటితే ఎందుకొస్తుందని అత్తగారిని అడగాలని మీకు అనిపించే ఉంటుంది. అడగకండి. మాటలో గెలుస్తారు, ఆ తర్వాత ఆరు నెలలు ఇంట్లో మాటలుండవు. పైగా ఆమె బాధ నామోషీ గురించి కాదని నా అనుమానం.

ఆమె అన్న రెండు మాటల్లో మీరు మొదటిదాన్నే పట్టుకున్నారు. "కూడు అమ్ముకునే గతి" అన్నది మిమ్మల్ని పొడిచింది కాబట్టి అదే పెద్దదిగా కనిపించింది. రెండోది, "భూమిలో భాగం అడగలేదు నా బిడ్డ" అన్నది, కోపంలో వచ్చిన మాటగా రాసి దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. అత్తగారి లెక్కలో ఆ డబ్బాలు పండగ కానుకలు కావు. కూతురికి దక్కని భాగానికి బదులుగా ఏటా పంపుతున్న కౌలులాంటివి. ఐదెకరాలూ కొడుకు దున్నుకుంటున్నాడు, కూతురు నోరెత్తలేదు, ఆ మౌనానికి తల్లి ఏదో ఒకటి చెల్లిస్తూ ఉండాలి. ఆమె చేతిలో డబ్బు లేదు, ఉన్నది వంటిల్లే. అందుకే కారు డిక్కీ నిండేదాకా ఆమెకు నిద్ర పట్టదు. మీరు అదే పొడిని బయటివాళ్లకు అమ్ముతానన్నప్పుడు కూతురికి చెందాల్సింది వేరేవాళ్లకు పోతున్నట్టు ఆమెకు తగిలి ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండండి. వాడడానికని చెప్పడం లేదు, తెలిసి ఉండాలని. మీ మామగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన స్వార్జితంలో కొడుకుతో పాటు కూతురూ, భార్యా వారసులేనని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్తోంది. పిత్రార్జితంలో ఆడపిల్లకు సమాన భాగం ఇస్తూ మన రాష్ట్రం 1986లో సవరణ తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అంటే మీ వదిన భాగం అడగకపోవడం ఆమె మంచితనం. హక్కు లేక అడగకుండా ఊరుకున్నది కాదు. మన వైపు పల్లెల్లో ఇలా ఊరుకున్న ఆడపిల్లలు ఇంటికొకరు ఉంటారు, పుట్టింటి నుంచి వచ్చే మూటే వాళ్లకు మిగిలిన ఆస్తి.

ఇంతవరకూ అత్తగారూ న్యాయంగానే ఉన్నారు, వదినా న్యాయంగానే ఉన్నారు. బాకీ నిజమైనదే. అయితే ఆ బాకీ మీ ఆయనది. భూమి తింటున్నది ఆయన, చెల్లిస్తున్నది మీ చేతులు. ఆయన మాత్రం ఇది ఆడవాళ్ల గొడవని చేనికి పోతున్నారు. ఏ చేను గురించి గొడవో ఆ చేనికే.

కాబట్టి మాట్లాడాల్సిన మనిషి అత్తగారు కారు, వదినా కారు. మొదట ఆయనతో, ఆయనతో మాత్రమే. అత్తగారు వింటుండగా వద్దు, అన్నం తినేటప్పుడు వద్దు. బండి మీద ఇద్దరూ కలిసి కళ్యాణదుర్గం పోయే పని ఏదో ఒకటి ఉంటుంది కదా, ఆ రోజు చూసుకోండి. "మీ అక్కకు ఇవ్వొద్దని నేననడం లేదు. మీ అక్కకు మీరేమిస్తున్నారో మీరే తేల్చండి" అన్నది చాలు. ఆయన ముందు చిరాకు పడతారు. పడనివ్వండి. అక్కకు ఏడాదికింత అని డబ్బు రూపంలో పంపుతారా, పంట మీద ఒక మూట ఆమె పేరున పెడతారా, ఎప్పటికైనా అరెకరం రాసిస్తారా, అది అక్కాతమ్ముళ్లు, తల్లి కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మీరు ఆ మాటల్లో కూర్చోకపోయినా పర్వాలేదు. కూర్చోకపోవడమే మేలు కూడా, ఎందుకంటే భూమి మాట కోడలి నోట వస్తే అది ఇంకో కథ అవుతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది, ముందే చెప్తున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ పైకి అనని మాట పైకి వస్తే వదినగారు నిజంగానే భాగం అడగొచ్చు. అడిగితే అది ఆమె న్యాయం. ఆ సంగతికి మీరు మనసులో సిద్ధపడితేనే ఈ దారిలో వెళ్లండి. సిద్ధంగా లేకపోతే భూమి ఊసెత్తకుండా, మీ పని గురించి మాత్రమే ఆయనతో మాట్లాడండి. దానివల్ల మూల సమస్య అలాగే ఉంటుంది, మీ నడుం నొప్పి మాత్రం కాస్త తగ్గుతుంది.

ఏ దారిలో వెళ్లినా ముందు ఒక నెల రోజులు లెక్క రాయండి. మీరు లెక్కల మనిషి, ఇది మీకు చెప్పాల్సిన పని కాదు. ఏ రోజు ఏం చేశారు, ఎంతసేపు పట్టింది, అందులో ఇంటికెంత, బయటికెంత. ఇంటి సరుకే కదా అని సున్నా వేయకండి, అంగడి ధరే వేయండి. మచ్చుకు చూడండి. పది కిలోల నూనె రావాలంటే గానుగలో పాతిక కిలోల గింజలు పడాలి, ఒలవని కాయల్లో అది ముప్పయ్యైదు కిలోల పైమాటే. చెక్క ఆవులకు మిగులుతుందనుకోండి. కిలో నెయ్యికి ఆవుపాలైతే పాతిక లీటర్లు, ఎనుము పాలైతే పదిహేను పదహారు లీటర్లు కావాలి. మూడు కిలోల నెయ్యి అంటే కేంద్రానికి పోయకుండా తోడుపెట్టిన పాలు ఎన్నో మీరే లెక్కేసుకోండి. ఇక మీ కూలి. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు ఉండేది. మీ రోజుకు కనీసం అంతైనా వేయండి. ఇది ఎవరినీ డబ్బు అడగడానికి కాదు. "ఇంట్లో చేసిందే కదా, ఊరికే వచ్చింది" అనే మాట మీ ఇంట్లో అందరి నోటా ఉంది, మీ ఉత్తరంలో మీ నోటా ఒకచోట ఉంది. నోట్‌బుక్కులో అంకెలు చూసినప్పుడు ఆ మాట అనడం కష్టమవుతుంది.

ఇక పని. మీరు అమ్మకం గురించి అడిగారు కానీ, అమ్మకం మొదలుపెట్టే ముందు పని తగ్గకపోతే మీకు అంతకన్నా పెద్ద కష్టం రాబోతోంది. ఇప్పుడు నాలుగున్నరకు లేస్తున్నవారు మూడున్నరకు లేస్తారు. మొదటి రెండు నెలలు డబ్బు చూసిన ఉత్సాహంలో చేసేస్తారు, మూడో నెలలో మంచం పడతారు, అప్పుడు అత్తగారు "నేను చెప్పలేదా" అంటారు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో (ఎవరి సమయం ఏ పనికి పోతుందో చూసే సర్వే) ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. పశువుల పని, సొంతానికి నూనె ఆడించుకోవడం లాంటివి అందులో వేరే పద్దు. మీ రోజు ఆ రెండు పద్దుల్లోనూ నిండుగా ఉంది.

మీ ఆయన నియమం నాకు మంచిదిగానే కనిపిస్తోంది. ఊళ్లో పండిన రాగి, సొంత గానుగ నూనె, పెరటి కూర, ఇంతకన్నా ఏం కావాలి? కానీ నియమం పెట్టుకున్న మనిషి దానికి కొంత ఒళ్లు వంచాలి. పాలు పిండడం ఆయన చేయొచ్చు. జెర్సీ ఆవు మనిషి మారితే నాలుగు రోజులు పాలు ఎగబెడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. ఆ నాలుగు రోజుల పాల నష్టానికి భయపడి చాలా ఇళ్లలో ఈ మార్పు జరగదు. రెండోది ఆ మిక్సీ. కిందికి దించండి. ఊరుబిండి రోటిదే బాగుంటుంది, కాదనను, మిక్సీలో అది మెత్తటి గుజ్జయిపోతుంది. అయితే వారంలో రెండు రోజులు రోలు, మిగతా రోజులు మిక్సీ అనుకోండి, లేదా రోలు కావాలన్న రోజు బండ ఆయనే పట్టుకోవాలి. నవ్వుతూ చెప్పండి, కానీ చెప్పిన తర్వాత వెనక్కి తగ్గకండి. చింతపండు గింజ తీయడానికి సీజన్లో కూలికి మనుషులు దొరుకుతారు, కిలోకింత అని. హిందూపురం మార్కెట్టుకు పోయే చింతపండు చాలావరకు అలా ఆడవాళ్ల చేతుల మీదుగా పోయేదే. మీ చెట్టు కాయకు ఒకరిద్దరిని రెండు మూడు రోజులు పెట్టుకుంటే ఇల్లు మునిగిపోదు.

ఎనుమును అమ్మేయడం ఇంకో మార్గం. నెయ్యి సగానికి పడుతుంది, పాల డబ్బు తగ్గుతుంది, అత్తగారు అలుగుతారు. కానీ వేసవిలో మేత కొనే బాధ తప్పుతుంది, సాయంత్రం పూట ఒక గంట మిగులుతుంది. ఇది నేను చెప్పను, మీ ఇంటి లెక్క చూసుకుని మీరే అనుకోండి. నోట్‌బుక్కు నిండాక తేలుతుంది.

వదినగారి సంగతి. మొదటిసారి చదివినప్పుడు ఆమె మీద నాకు కోపమే వచ్చింది. రెండోసారి చదివితే, ఆమె తన అపార్ట్‌మెంటులో అందరికీ "మా అమ్మ చేసిన పొడి" అని పంచుతారని మీరు రాసిన మాట కనిపించింది. మీకు అది కష్టంగా ఉంది, నిజమే, చేసింది మీరు. కానీ ఆమెకు ఆ డబ్బాలో ఉన్నది అమ్మే. ఎవరు దంచారో ఆమెకు కనిపించలేదు, ఎవరూ చూపించలేదు. చూపించడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. వచ్చే సంక్రాంతికి భోగి నాడు కాకుండా రెండు రోజులు ముందే రమ్మనండి, "మీరూ వస్తే కూర్చుని చేసుకుందాం వదినా, అత్తమ్మకు మోకాళ్లు పట్టేస్తున్నాయి" అని. వస్తే పొయ్యి దగ్గర రెండు రోజులు గడిపిన మనిషి నిప్పట్ల గట్టిదనం గురించి మాట్లాడరు. రాకపోతే ఎంతమంది చేశారో అంతే చేయండి, కజ్జికాయలు మానేయండి, అరిసెలతో ఆపండి. ఎవరైనా అడిగితే "ఈసారి చేతులు సరిపోలేదు" అన్న ఒక్కమాట చాలు.

అన్నట్టు, పిండిలో కాచిన నూనె తక్కువైనా, మందంగా తట్టినా, సన్నమంట మీద ఎక్కువసేపు ఉంచినా నిప్పట్లు గట్టిపడతాయి. అర్ధరాత్రి కళ్లు మూతలు పడుతుంటే తట్టినవి ఈ మూడింట్లో దేనికైనా దొరికిపోతాయి. మీ చేతిలో లోపమేమీ లేదు.

ఇవ్వడానికి ఒక కొలత పెట్టుకోవడం కూడా అవసరం. ఆ కొలత పెట్టాల్సింది అత్తగారు, మీరు కారు. "అత్తా, వదినకు ఏడాదికి ఎంత నూనె, ఎంత పొడి, ఎంత నెయ్యి పంపుదామో మీరే చెప్పండి, పంట రాగానే అది ముందు పక్కన పెట్టేద్దాం" అనండి. ఆమె ఎక్కువే చెప్తారు. చెప్పనివ్వండి. ఎక్కువైనా సరే, అదొక అంకె అవుతుంది. ఇప్పుడున్న ఇబ్బంది అంకె లేకపోవడం, కారు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఉన్నదంతా ఎక్కడం. కూతురి భాగం ముందే తీసి పెట్టాక, మిగిలింది అమ్మడానికి ఆమెకు అంత అభ్యంతరం ఉండకపోవచ్చు. మీ దారి తెరుచుకునేది ఇక్కడేనని నా ఊహ.

ఇప్పుడు అమ్మకం. మొదలుపెట్టాలనుకుంటే ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి, అది చెనిక్కాయ పొడే కానివ్వండి. నెయ్యి జోలికి పోవద్దు, పాల లెక్క చూశారుగా. నిప్పట్లు పార్శిల్లో విరిగిపోతాయి. పొడికి సరుకు ఇంట్లోనే ఉంది, గంటన్నరలో రెండు కిలోలవుతుంది, గాలి తగలని డబ్బాలో నెల రోజులు రుచి చెడదు. అంతకుమించి ఉంటే నూనె వాసన మారుతుంది, కాబట్టి ఆర్డరు వచ్చాకే వేయించండి.

ఇందులో అత్తగారిని భాగస్వామిగా పెట్టుకోండి. మెప్పు కోసం చెప్పడం లేదు. ఇనుప బాణలిలో గింజలు వేగుతున్నప్పుడు పొట్టు చిట్లే చప్పుడు వినే, ఆవిడ వాకిట్లో కూర్చుని "ఇంక దించు" అంటారని మీరే రాశారు. దంచేటప్పుడు నూనె ఊరి ముద్దకట్టే ముందు రోకలి ఎక్కడ ఆపాలో కూడా ఆవిడే చెప్తారట. ఆ చెవి మీకింకా రాలేదు. వచ్చే డబ్బులో మూడో వంతు ఆవిడ చేతికి ఇవ్వండి, చేతికే, ఖాతాకు కాదు. 68 ఏళ్లలో ఆవిడ తన చేత్తో సంపాదించి కూతురికి ఇచ్చింది ఏమైనా ఉందో లేదో. ఆ డబ్బుతో వదినగారి పిల్లలకు ఏదైనా కొనిపెట్టే రోజు వస్తే, కూడు అమ్ముకోవడం గురించి ఆవిడే ఇంకోలా మాట్లాడొచ్చు. మాట్లాడకపోనూవచ్చు. "నా ఇంట్లో వద్దు" అని గట్టిగా నిలబడితే, ఆవిడ ఉన్నంతకాలం పొడి అమ్మకం పక్కన పెట్టడం కూడా ఒక దారే. ఓటమి అనుకోనక్కర్లేదు. అప్పుడు మీ చదువుకు తగ్గ పని, ఊళ్లో పొదుపు సంఘం లెక్కలు రాయడం లాంటిది చూసుకోండి. డబ్బు తక్కువ, కానీ అది పొయ్యి దగ్గర నుంచి మిమ్మల్ని లేపుతుంది.

గింజల విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. చెనిక్కాయ కోతకొచ్చే ముందు వానలు ముఖం చాటేస్తే, మన జిల్లాలో అది ఎప్పుడూ ఉండేదే, కాయలోకి ఒక రకం బూజు చేరుతుంది. తడి ఆరకుండా నిల్వ చేసినా చేరుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, కాలేయానికి చాలా చెడ్డది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. అందుకని గింజగా కాకుండా కాయగానే, బాగా ఎండబెట్టి నిల్వ చేయండి. ఎప్పటికప్పుడు ఒలుచుకోండి. ముడతలు పడ్డవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. ఆవులకు కూడా వేయకండి, ఆ విషం పాలలోకి వస్తుంది. ఇంట్లో తినేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఇంట్లో చేసింది కాబట్టి మంచిదేనని మీ ఆయన అంటే, ఏరినప్పుడే మంచిదని చెప్పండి.

కాగితం పని పెద్దదేం కాదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఇంట్లో చేసి అమ్మేవాళ్లు కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ (దీన్ని చూసే కేంద్ర సంస్థ) దగ్గర నమోదు కావాలి. ఫాస్కాస్ అనే ఆ సంస్థ పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని, తయారు చేసిన తేదీని పొట్లం మీద వేయాలి. డబ్బు మీ పేరున ఉన్న ఆ ఖాళీ ఖాతాలోనే పడాలి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోకండి. మొదట్లో అది ఇంట్లో చిన్న గొడవే తెస్తుంది, తర్వాత ఎవరికీ గుర్తుండదు. అలా కాకుండా భర్త ఖాతాలో పడితే, పాల డబ్బులాగే అదీ ఎక్కడికి పోయిందో మీకు తెలియదు.

ఇక ఫోన్ చేసిన ఆ బెంగళూరు ఆమె. ఆమెకు ఇప్పుడు అమ్మకండి. వదినగారు ఊరికే ఇచ్చినదాన్ని మీరు డబ్బుకు అమ్మితే, ఆ అపార్ట్‌మెంటులో తలవంపు వదినగారికి. ఆమె ఆ మాట మీతో అనరు, అమ్మతో అంటారు. మొదటి గిరాకీ కళ్యాణదుర్గంలోనో అనంతపురంలోనో వెతుక్కోండి, పిల్లల స్కూలు టీచర్లున్నారు, పాల కేంద్రం దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. అక్కడ నాలుగు నెలలు నడిచాక, "వదినా, మీ పక్కింటామె అడిగారు, మీ చేతుల మీదుగా పంపమంటారా?" అని ఆమెనే అడగండి. ఆమె ఒప్పుకుంటే గొడవ లేదు. ఒప్పుకోకపోతే పొడికి గిరాకీ ఆ ఒక్క అపార్ట్‌మెంటులోనే లేదు. ఈలోపు ఫోన్ చేసినామెకు "కొత్త పంట కాయలు వచ్చాక చెప్తానండి" అంటే అబద్ధం కాదు. జూన్, జూలైలలో విత్తితే మీకు కాయ ఇంటికి చేరేది అక్టోబరు, నవంబరుకే.

పాప మీతో పాటు ఐదింటికి లేస్తుందని రాశారు. బాబు గురించి "చదువుకోవాలి కదా" అని ఒక్క ముక్క రాశారు. ఆరో తరగతి పిల్లకు కూడా చదువుంది. మీ పాల కేంద్రం ఊళ్లోనే ఉందని, సైకిలు మీద పది నిమిషాల దూరమని మీ ఉత్తరంలోనే ఉంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు పొద్దున పాల క్యాను పోసి రాగలడు. రేపటి నుంచి ఐదున్నరకు వాణ్ని లేపండి, పాపను ఆరున్నర దాకా పడుకోనివ్వండి.